‘హుక్డ్ రగ్గు’కి తెలుగు మాట: ముడి కాదు, మరేమిటి?

చర్చ మొదలు

చేతిపనుల శిబిరంలో మూడు రోజులు కూర్చుని కాళ్లపీటకి పైతొడుగు ఒకటి చేసుకొచ్చాను. గోనెగుడ్డ మీద ఉన్ని పీలికలతో చేసే పని, ఇంగ్లీషులో హుక్డ్ రగ్గు అంటారు. నా పక్కన కూర్చున్నావిడ “దీన్ని తెలుగులో ఏమంటారండీ?” అని అడిగితే “ముడుల తివాచీ” అనేశాను. ఆ మాట తప్పని మర్నాటికి నా చేతులకే తెలిసొచ్చింది. సరైన మాట కోసం అప్పట్నుంచీ వెతుక్కుంటున్నాను.

పని ఎలా ఉంటుందో ముందు చెబుతాను, మాట దాన్నిబట్టే తేలాలి కదా. గోనెగుడ్డని చట్రానికి డప్పులా బిగిస్తారు. పావు అంగుళం వెడల్పున కత్తిరించిన పీలిక గుడ్డ కింద ఎడమచేతిలో ఉంటుంది. పైన కుడిచేతిలో చెక్కపిడి ఉన్న కొక్కెం. వలకి కళ్లున్నట్టే గోనె నేతకీ పోగుకీ పోగుకీ మధ్య కళ్లుంటాయి. ఆ కంట్లోంచి కొక్కేన్ని దింపి, కిందున్న పీలికని తగిలించుకుని పైకి లాగాలి. చిన్న ఒంపు లేచి నిలబడుతుంది. ఒకటి రెండు కళ్లు వదిలి మళ్లీ ఇంకోటి. ఒంపు ఎంత ఎత్తు లేవాలంటే, పీలిక ఎంత వెడల్పుందో అంత. పీలిక మొదలూ చివరా రెండూ పైకే వస్తాయి, వాటిని మిగతా ఒంపులతో సమంగా కత్తిరించాలి.

మొదటి రోజు నేను ఒక్క కన్నూ వదల్లేదు. ఒత్తుగా ఉంటే గట్టిగా ఉంటుందనుకున్నాను. సాయంత్రం చట్రం నుంచి విప్పితే గుడ్డ ఎండుటాకులా అంచులు లేచి ముడుచుకుపోయింది. నేర్పేవారు ఏమీ అనకుండా ఒక పీలిక కొస పట్టుకుని లాగారు. ఆ పీలిక పొడవునా ఉన్న ఒంపులన్నీ జర్రున ఊడొచ్చేశాయి. ఎక్కడా పట్టలేదు, చిక్కలేదు. ముడి అనేది ఉంటే అలా వస్తుందా?

ముడి అన్నమాట చేత్తో నేసే తివాచీలకి చెల్లుతుంది. అక్కడ ప్రతి ఉన్నిపోగూ పడుగు దారాల్ని చుట్టుకుని ముడిపడుతుంది, చదరపు అంగుళానికి ఇన్ని ముడులని లెక్కపెడతారు. ఇక్కడ ముడి లేదు, జిగురు లేదు, కుట్టు లేదు. పక్కపక్కనున్న ఒంపులు ఒకదాన్నొకటి ఒరుసుకుని, గోనె పోగుల్ని ఒత్తుకుని నిలబడతాయి, అంతే.

పోనీ “రగ్గు” అనే అందామంటే, తెలుగులో రగ్గు కప్పుకునేది. ఇంగ్లీషులో కింద పరుచుకునేది మన దగ్గరికొచ్చి ఒంటి మీదికెక్కింది. “కొక్కెం తివాచీ” అంటే సరిపోతుందా? అన్నిటికంటే నాకు కావలసింది క్రియ. “ఈ పూట రెండు వరుసలు …ను” అనాలంటే ఆ ఖాళీలో ఏం పెట్టాలి?

జవాబు (మగ్గం పని చేసే సభ్యురాలు)

అక్కా, మీరు చెప్పిన చేతుల తీరు అచ్చం మా ఆరి పనిదే. బిగించిన గుడ్డ, పైన కొక్కెం మొన ఉన్న సూది, కింద దారం పట్టిన ఎడంచెయ్యి. కాకపోతే మాది గొలుసుకుట్టు. ఒక ఒంపులోంచి ఇంకో ఒంపు వస్తుంది. మీ ఒంపులు దేనికవి విడిగా నిలబడతాయి.

అందుకే కొక్కెం పేరు పెట్టకండి. క్రోషియాకీ కొక్కెమే, ఆరికీ కొక్కెమే. లాచ్ హుక్ అని ఇంకోటుంది, కత్తిరించిన ఉన్ని ముక్కని జాలీగుడ్డకి కొక్కెంతోనే నిజంగా ముడేస్తారు. పనిముట్టుతో పేరు పెడితే ఇవన్నీ ఒకే గాటన కట్టినట్టవుతుంది. కొక్కెం ఏం చేస్తోందో అది పేరవ్వాలి.

పాత మాట కొత్త పనికి అతకదేమోనని సందేహం కూడా వద్దు. నేతగాళ్ల మగ్గం మా చట్రానికి పేరైపోయింది. మేం నేసేదేమీ లేకపోయినా అందరూ మగ్గం పని అనే అంటున్నారు.

జవాబు (పెద్దాయన ఒకరు)

అమ్మా, “తోడడం” చూడండి. చేద బావిలోకి దిగుతుంది, కంటికి కనపడని నీళ్లని పట్టుకుని పైకొస్తుంది. మీ కొక్కెం చేసే పనీ అదే. చేద జారి బావిలో పడిపోతే తీయడానికి పాతాళగరిగె వేసేవాళ్లం, గుత్తిగా కొక్కేలుండే ఇనప సాధనం. నీళ్లలో అది దేనికి తగిలిందో కన్ను చెప్పదు, తాడు పట్టుకున్న చెయ్యి చెబుతుంది. మీరు కింది చేతి సంగతి రాస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది. “రెండు వరుసలు తోడాను” అని చూడండి, ఎలా ఉందో.

చర్చ మొదలుపెట్టినవారు

గురువుగారూ, పాతాళగరిగె విని ఎన్నేళ్లయిందో! కింద పీలిక కొక్కేనికి తగిలిన ఆ క్షణం సరిగ్గా అలాగే ఉంటుంది, చూపుతో పనిలేదు. ఆ పోలిక నా దగ్గరే ఉంచుకుంటాను.

తోడడం మాత్రం ఒకచోట అతకలేదు. తోడితే నీళ్లు బావిని వదిలేసి బిందెలోకి వెళ్లిపోతాయి, ఇసుక తోడితే గుంట మిగులుతుంది. నా పీలిక ఎక్కడికీ పోదు. సగం కిందే ఉండి, ఒంపు వరకే పైకి లేస్తుంది. పాము పడగ ఎత్తినట్టు. అందుకని “ఎత్తడం” వైపు మొగ్గుతున్నాను. “ఈ పూట రెండు వరుసలు ఎత్తాను.” ఇంకో అనుకూలమూ ఉంది. ఈ పనిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒంపు ఎత్తే. ఒంపు మరీ పొడవైతే కాలి వేలికి తగులుకుంటుంది, మరీ పొట్టిదైతే గోనె బయటపడుతుంది. క్రియా, కొలతా ఒకే మాటలో ఉన్నాయి.

జవాబు (మగ్గం పని చేసే సభ్యురాలు)

“వరుస ఎత్తాను” నోట్లో బాగా తిరుగుతోంది అక్కా. కానీ “ఎత్తు తివాచీ” అంటే ఎత్తుగా ఉండే తివాచీ అనుకుంటారు. వస్తువుకి వేరే పేరు చూడండి.

జవాబు (ఇంకొక సభ్యుడు)

పాతగుడ్డలతో చేసేదయితే బొంత అనొచ్చు కదండీ?

చర్చ మొదలుపెట్టినవారు

పాతగుడ్డ మాట నిజమేనండి. ఈ పని అమెరికా ఈశాన్యంలో, కెనడా తూర్పు తీరాన 19వ శతాబ్దం రెండో సగంలో బాగా పాకింది. జనపనార గోనెసంచులు చేతికి రావడం అందుకు పెద్ద కారణం. సంచి విప్పి పరిస్తే అడుగుగుడ్డ, చిరిగిన ఉన్నిబట్టలు చీలిస్తే పీలికలు. ఆ సంచికి వాళ్లు వాడే గన్నీ అనే మాట మన గోణి నుంచి వెళ్లిందే. కానీ బొంతంటే పొరలు పేర్చి కుట్టేది. ఇందులో పొరల్లేవు, సూదీ లేదు. నేనైతే “పీలిక తివాచీ” అంటాను. చించితేనే పీలిక, కత్తిరిస్తే పట్టీ అని ఎవరైనా అనొచ్చు. నేలకి పరిచే వాటికి పట్టీల్ని కత్తిరించినా చించినా చెల్లుతుంది, రెండు రకాలూ శిబిరంలో చూశాను.

కాళ్లపీట సంగతి వేరు. నాది 12 అంగుళాల గుండ్రటి పీట. మెత్త మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచుకి టేపు పెడితే కొలత ఇంకా పెరిగింది, పక్కల దిగే భాగం కూడా కలవాలి కదా. కనపడేంత మేరే పీలిక ఎత్తి, చుట్టూ వదిలేసిన వట్టి గోనెని పీట అడుక్కి మడిచి మేకులు కొట్టాం. గుడ్డ మాత్రం చాలా తింటుంది, నింపాల్సిన మేరకి నాలుగైదు రెట్లు.

అందుకే దీన్ని గలీబు అనలేకపోతున్నాను. దిండు గలీబు తీస్తాం, ఉతుకుతాం, మళ్లీ తొడుగుతాం. ఇది మేకు పడ్డాక పీటలో భాగమే. తొడుగు అన్నా ఊడదీసేదనే ధ్వని వస్తుంది, అయినా పైన తెలియక వాడేశాను.

జవాబు (పెద్దాయన ఒకరు)

“పీటకి గుడ్డ బిగించడం” అని సాదాగా అనండమ్మా. ప్రతిదానికీ నామవాచకం అక్కర్లేదు. “పీటకి పీలిక తివాచీ బిగించాను” అంటే పని పూర్తిగా కళ్లకి కట్టింది.

చర్చ మొదలుపెట్టినవారు

కట్టింది గురువుగారూ, అలాగే రాసుకుంటాను. ఇక కొసలు మిగిలాయి. పీలిక అయిపోయిన చోట చివర పైకి తీసి ఒంపులతో సమంగా కత్తిరిస్తాం, అదే కంట్లోంచి కొత్త పీలిక మొదలుపెడతాం. ఈ కత్తిరింపుని “కొస కొట్టడం” అనొచ్చా, లేక కుట్టుపనివాళ్ల దగ్గర ఇంతకంటే మంచి మాట ఏదైనా ఉందా?