కప్పా కాస్త పెరిగింది, ఇప్పుడు తిరుమల మెట్లెక్కొచ్చా?

లెక్కల_మాస్టారు_తెనాలి:

అందరికీ నమస్కారం. నాకు 57, హైస్కూల్లో లెక్కలు చెప్తా, ఇంకా సర్వీసులోనే ఉన్నా. మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే రక్త క్యాన్సర్, నాది ఐజీజీ కప్పా రకం (జబ్బు కణాలు వదిలే ప్రొటీన్‌ని బట్టి పెట్టిన పేరు). బోర్టెజోమిబ్, లెనాలిడోమైడ్, డెక్సా (స్టెరాయిడ్) మందుల కోర్సులు అయ్యాక గతేడాది స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ కూడా అయింది, ఇప్పుడు లెనాలిడోమైడ్ 10 ఎంజీ, మూడు వారాలు వేసుకుని ఒక వారం గ్యాప్. మొదట్లో నడుం దగ్గరి ఎల్1 వెన్నుపూస కుంగింది గానీ ఇప్పుడు నొప్పి లేదు. పొద్దున్నే కాలవ గట్టు మీద నాలుగైదు కిలోమీటర్లు నడుస్తా, క్లాసులు నిలబడే చెప్తా.

ఇప్పుడేమయిందంటే కొత్త రిపోర్ట్‌లో లైట్ చైన్లు (రక్తంలో కొలిచే చిన్న ప్రొటీన్ ముక్కలు, కప్పా, లాంబ్డా అని రెండు రకాలు) పెరిగాయి, కప్పా 22 నుంచి 34 కి పోయింది, లాంబ్డా 15 నుంచి 21, ఎప్పుడూ ఎమ్ స్పైక్ (రక్త ప్రొటీన్ల గ్రాఫులో జబ్బు ప్రొటీన్ వల్ల వచ్చే మొన) లేదు అని రాసేవాళ్ళు ఈసారి ఆ గ్రాఫులో గామా భాగం దగ్గర సన్నటి బ్యాండ్ ఉంది అని రాశారు. డాక్టర్ గారు కంగారేం లేదు, నెలాగి మళ్ళీ చేద్దాం అన్నారు, నేనేమో అర్ధరాత్రి లేచి ఫోన్‌లో గ్రాఫులు గీస్తున్నా. మా ఆవిడ "ఆ నడకలు తగ్గించండి, అందుకే పెరిగింది" అంటోంది. నాకేమో అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుంది, 3,550 మెట్లు. వెళ్ళొచ్చా, రిపోర్ట్ తేలేదాకా ఆగాలా?

నిమ్మకాయ_సోడా:

మాస్టారూ, నేను డాక్టర్ని కాదు, మీలాగే ఈ జబ్బుతో చాలా ఏళ్ళుగా కాపురం చేస్తున్నవాణ్ణి. లెక్కల మాస్టారై ఉండి భాగహారం వదిలేశారేంటండీ 😀 34 ని 21 తో భాగించండి, 1.62. పాతది 22 బై 15, అంటే 1.47. ఈ రేషియో 0.26 నుంచి 1.65 దాకా నార్మల్, అంటే మీది గీతకి దగ్గరగా ఉంది గానీ దాటలేదు. మన జబ్బు లేస్తే మామూలుగా మన రకం చైన్ ఒక్కటే పెరుగుతుంది, మీ విషయంలో కప్పా, రెండోది అక్కడే ఉంటుంది లేదా పడిపోతుంది. మీకు రెండూ కలిసే పెరిగాయి. దానికి ఒక జ్వరమో దగ్గో చాలు, కిడ్నీ కొంచెం మందగించినా రెండూ పేరుకుంటాయి. టెస్టుకి ముందు జ్వరం ఏమన్నా వచ్చిందా? క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు) ఎంత?

ఇంకోటి, ఈ లైట్ చైన్లు రక్తంలోంచి కొన్ని గంటల్లోనే పోతుంటాయి, అదే ఐజీజీ సగం తగ్గడానికే మూడు వారాలు పడుతుంది. అందుకని లైట్ చైన్ నంబర్ ఊగుతూనే ఉంటుంది. ల్యాబ్ మారిస్తే కిట్ మారి అదో తేడా, కాబట్టి ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి.

బ్యాండ్ సంగతికొస్తే ఇమ్యునోఫిక్సేషన్ (ఆ బ్యాండ్ ఏ రకమో చెప్పే టెస్టు) చేశారా? అది కప్పానా లాంబ్డానా అన్నదే అసలు ప్రశ్న. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్ళకి ఇమ్యూనిటీ కోలుకునేటప్పుడు వేరే రకం బ్యాండ్లు సన్నగా కనిపించి పోవడం మామూలే. రక్తం లెక్కల్లో జబ్బు ముదిరింది అనాలంటే ఎమ్ ప్రొటీన్ (జబ్బు కణాలు వదిలే ప్రొటీన్) మీ అతి తక్కువ విలువ మీద 25 శాతం పెరగాలి, ఆ పెరుగుదల డెసిలీటర్‌కి కనీసం అర గ్రామన్నా ఉండాలి, మళ్ళీ చేసినప్పుడూ అదే రావాలి. మీ డాక్టర్ గారు నెల ఆగమన్నది అందుకే.

అమ్మ_కోసం_విశాఖ:

బాబాయ్ గారూ మా అమ్మకి కూడా ఇదే జబ్బు. మా ఇంట్లో ఒక రూల్ పెట్టుకున్నాం, రిపోర్ట్ మెయిల్ సాయంత్రం వస్తే తెరవం, మర్నాడు టిఫిన్ అయ్యాక నేను తెరిచి పుస్తకంలో రాస్తా. కప్పా, లాంబ్డా, రేషియో, ఎమ్ స్పైక్, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, కాల్షియం, పక్కనే ఆ నెలలో జ్వరం వచ్చిందా, ఏ మందు మారింది అనేది కూడా. ఆ పక్క కాలమ్ లేకపోతే నంబర్లు చూసి ఉత్త భయమే మిగుల్తుంది. ఒక్క కప్పాకి గ్రాఫ్ వేసుకోకండి ప్లీజ్.

అమ్మ మొక్కలు పెంచుతుంది, రైతు బజార్‌కి వెళ్తుంది, సంచీ మాత్రం మోయనివ్వం. చుట్టాలు గ్రీన్ టీ తాగమని ఒకటే పోరు, బోర్టెజోమిబ్ ఇంజెక్షన్లు నడిచేటప్పుడు అది మాన్పించారు, దాంట్లో ఉన్న పదార్థం ఆ మందు పనికి అడ్డుపడుతుందని ల్యాబ్ పరీక్షల్లో తేలిందట. కషాయాలు కూడా డాక్టర్‌ని అడక్కుండా వద్దు.

ఫిజియో_కర్నూలు:

నడిస్తే కప్పా పెరగదండీ, ఆ మాట మీ ఆవిడ గారికి గట్టిగా చెప్పండి, మాస్టారూ. నడక ఆపేస్తేనే నష్టం, డెక్సా వాడినవాళ్ళకి తొడ కండరాలు ముందే తగ్గి ఉంటాయి, ఎముకలకి కూడా కదలిక కావాలి.

కొండకి అడ్డం వస్తే మీ వెన్నుపూస అడ్డం రావాలి. లేటెస్ట్ స్కాన్ చూపించి ఎల్1 గట్టిపడిందా, వేరే పూసల్లో రంధ్రాలున్నాయా అని డాక్టర్‌ని అడగండి. ఆయన సరే అంటే నడవండి, కానీ మెట్టు మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెట్టే మొక్కయితే మాత్రం వద్దు, అన్ని వేల సార్లు ముందుకి వంగడం కుంగిన పూసకి అస్సలు మంచిది కాదు. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కడం కూడా వద్దు, స్వామి ఏమీ అనుకోడు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే కదా అని అటు పోకండి, దూరం తక్కువ గానీ నిటారుగా ఉంటుంది, అలిపిరి తొమ్మిది కిలోమీటర్లయినా మధ్యలో చదునుగా నడిచే చోటు ఉంది. దిగడం బస్సులోనే.

బోర్టెజోమిబ్ వల్ల పాదాల్లో తిమ్మిరి మిగిలిందా? ఉంటే చెప్పుల్లేకుండా ఎండలో నడిస్తే బొబ్బలొచ్చినా తెలీదు, తెల్లారుజామున మొదలెట్టి మందం సాక్సు వేసుకోండి. బ్యాగ్ ఇంకొకరికి ఇవ్వండి. నీళ్ళు బాగా తాగండి, ఒళ్ళు నొప్పులొస్తే డైక్లోఫెనాక్ లాంటివి మాత్రం మింగకండి, కిడ్నీకి దెబ్బ. లెనాలిడోమైడ్‌తో రక్తం గడ్డకట్టే రిస్క్ ఉంటుంది కాబట్టి ఆస్పిరిన్ రాసి ఉంటే మానకండి, ఒక కాలి పిక్క వాచినా ఆయాసం వచ్చినా అక్కడే ఆగి హాస్పిటల్‌కే.

లెక్కల_మాస్టారు_తెనాలి:

అందరికీ థాంక్స్. జ్వరం వచ్చింది, టెస్టుకి పది రోజుల ముందు స్కూల్లో పిల్లలందరికీ ఉంటే నాకూ అంటుకుంది, అది డాక్టర్ గారికి చెప్పనేలేదు. క్రియాటినిన్ ఎప్పట్లాగే 1.1. ఫిక్సేషన్ రిపోర్ట్ ఇవాళ వచ్చింది, ఐజీజీ లాంబ్డా అని ఉంది. నాది కప్పా కదా. పొద్దున ఫోన్ చేస్తే ఇది పాత జబ్బు బ్యాండ్‌లా లేదు, అయినా నెలకి మళ్ళీ చూద్దాం అన్నారు. కొండ సంగతి అడిగితే ముందు ఎమ్మారై తీద్దాం, తెల్లకణాలు తక్కువుండగా ఆ జనంలోకి వెళ్ళొద్దు అన్నారు, కాబట్టి సంక్రాంతి తర్వాతే. మా ఆవిడ బస్సులో వెళ్ళి పైన ఎదురుచూస్తానంది.

ఫిజియో గారూ, ఎక్కేటప్పుడు నడుం బెల్ట్ పెట్టుకోవాలా?

ఫిజియో_కర్నూలు:

ఎమ్మారై చూసి డాక్టర్ పెట్టుకోమంటే పెట్టుకోండి, లేకపోతే అక్కర్లేదు. ఊరికే రోజూ బిగిస్తే వెన్ను కండరాలు ఇంకా సడలిపోతాయి. ఈలోపు ఇంట్లో మేడ మెట్లు రెయిలింగ్ పట్టుకుని ఎక్కడం ప్రాక్టీస్ చేయండి, మాట్లాడుతూ ఎక్కగలిగేంత స్పీడే చాలు.