సొంత బండి తీసుకుని లోకల్ కిరాయిలతో మొదలుపెడితే నిలబడగలనా?

అన్నలందరికీ నమస్తే. హైదరాబాద్ కాటేదాన్‌లో ఒక గోడౌన్‌కి ఆరేళ్లుగా డెలివరీ బండి నడుపుతున్నాను, జీతానికి. చేతిలో 2 లక్షలున్నాయి, మిగతాది ఫైనాన్స్‌లో పెట్టి సొంత బండి తీసుకుందామనుకుంటున్నాను. మా బావేమో పెద్ద లారీ తీసుకో, బెంగళూరు, విజయవాడ లోడ్లు కొడితే ట్రిప్పుకే పైసలు కనపడతాయి అంటున్నాడు. నాకు మాత్రం ముందు సిటీలోనే చిన్న బండితో మొదలుపెట్టాలని ఉంది. ఇద్దరు చిన్నపిల్లలు, అందుకే టెన్షన్. లోకల్‌లో నెలంతా పని దొరుకుతుందా? కాగితాలు ఏమేం కావాలి?

జవాబు:
తమ్మీ, నీ ఆలోచనే సరైంది. లాంగ్ రూట్‌లో డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా అన్నీ ముందే నీ జేబులోంచి పోతాయి, కిరాయి పూర్తిగా చేతికొచ్చేది తర్వాతెప్పుడో. అక్కడ రిటర్న్ లోడు కోసం బ్రోకర్ దగ్గర కూర్చోవాలి, దారిలో బండి ఆగితే తెలియని ఊళ్లో తెలియని మెకానిక్ ఎంతంటే అంత. సిటీలో బండి ఆగినా సాయంత్రానికి ఇంట్లో ఉంటావు.

పని సంగతంటావా, పెద్ద లారీలకి పగలు సిటీలోకి రావడానికి ఆంక్షలున్నాయి, అందుకే సరుకు ఊరి బయట దిగి చిన్న బండ్లలోకి మారుతుంది. బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ గల్లీల్లోకి ఎలాగూ చిన్న బండే పోవాలి. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి వైపు ఒక షెడ్డులో తయారైన సామాను ఇంకో షెడ్డుకి రోజూ తిరుగుతూనే ఉంటుంది.

కానీ బండి కొన్నాక పని వెతకొద్దు. నేను అదే చేశాను. రెండు నెలలు అడ్డా మీద నిలబడి, ఈఎంఐ కట్టడానికి ఇంట్లో బంగారం కుదువ పెట్టాను, ఆ రోజులు ఇప్పటికీ మర్చిపోలేను. ఆరేళ్లుగా సరుకు దింపుతున్నావు కాబట్టి ఏ దుకాణానికి వారానికి ఎన్ని లోడ్లు వస్తాయో నీకే తెలుసు. మీ ఓనర్‌తో దాచకుండా మాట్లాడు, సొంత బండి పెట్టుకుంటే తన లోడ్లు ఇస్తాడేమో అడుగు. ఆయన పార్టీలని, అంటే లోడ్లిచ్చే వాళ్లని, చాటుగా లాక్కుంటే మాత్రం ఈ లైన్‌లో మాట పోతుంది. రెండు రెగ్యులర్ పార్టీలు ఖాయమయ్యాకే షోరూమ్‌కి వెళ్లు. ఉన్న 2 లక్షలూ డౌన్‌పేమెంట్‌లో పెట్టేయకు, మూడు నెలల ఈఎంఐ పక్కనే ఉండాలి.

ఇంకొకటి, కిరాయి చెప్పేటప్పుడు వచ్చే దారి కూడా లెక్కేసుకో. లోడుతో 30 కిలోమీటర్లు పోయి ఖాళీగా 30 వస్తే, లీటర్‌కి 15 ఇచ్చే బండికి 4 లీటర్లు కాలుతుంది, పార్టీకి కనపడేది 2 లీటర్లే. వెయిటింగ్ ఎన్ని గంటల తర్వాత ఎంత, హమాలీ ఎవరిది, ముందే వాట్సాప్‌లో రాసి పెట్టు. నేను నోటిమాట మీద పోయి ఒక పార్టీ దగ్గర నాలుగు గంటలు నిలబడితే వెయిటింగ్ రూపాయి ఇవ్వలేదు.

మళ్లీ నేనే:
చాలా థ్యాంక్స్ అన్నా. లోడ్లు ఇచ్చే యాప్‌లో బండి పెడితే ఎలా ఉంటుంది? సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

జవాబు:
యాప్‌ని రిటర్న్ లోడుకి, ఖాళీ పూటకి వాడుకో. దాన్నే నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోకు, రేటు, కమీషన్ నీ చేతిలో ఉండవు.

మరొకరు:
కాగితాల సంగతి నేను చెప్తాను. బండి పసుపు ప్లేటుతో ట్రాన్స్‌పోర్ట్ కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఆర్సీలో గ్రాస్ వెయిట్ (బండి, లోడు కలిపి) 3,000 కేజీలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. లైసెన్స్‌కి భయపడకండి, 7,500 కేజీల లోపు బండిని ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలికపాటి బండ్ల) లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. సెకండ్ హ్యాండ్ అయితే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో, పాత చలాన్లు ఎన్నున్నాయో, పాత అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ వచ్చిందో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి.

సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే కాగితం) చేతికొచ్చాకే కదలండి. ఇనుము లోడ్లతో జాగ్రత్త. ఇంకో నాలుగు రాడ్లే కదా అంటారు, ఓవర్‌లోడ్‌కి జరిమానా 20,000, ఆపైన అదనపు టన్నుకి 2,000. కట్టేది మీరే. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చిన్న బండికి నెలకి 7,500 ఆదాయంగా చూపించొచ్చు, పెద్ద లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. ట్యాక్స్ రిటర్న్ మాత్రం మొదటి ఏడాది నుంచే వేయండి, రెండో బండికి లోన్ అడిగినప్పుడు బ్యాంకు వాళ్లు అడిగేది అదే.

మళ్లీ నేనే:
సోమవారం మా ఓనర్‌తో మాట్లాడతాను అన్నా.

జవాబు:
మంచిది. నెలకి ఎన్ని ట్రిప్పులు, పైసలు ఏ తారీఖున ఇస్తాడు, ఈ రెండూ తేల్చుకో. పాత బండి చూడటానికి వెళ్తే చెప్పు, ఆదివారమైతే నేనూ వస్తా, కింద పడుకుని చాసిస్ చూడాలి.