వైవర్న్ యుద్ధనౌక గురించి తెలిసినవారు కాస్త సాయం చేయగలరా?

అందరికీ నమస్కారమండీ. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల కోసం ఇంగ్లండ్‌లోని బిర్కెన్‌హెడ్‌లో లెయిర్డ్ యార్డు రహస్యంగా కట్టిన రెండు ఇనుప కవచపు ఓడల్లో వైవర్న్ ఒకటి. దాని నమూనా చెక్కతో చేస్తున్నాను. మూడేసి కాళ్ల తెరచాప స్తంభాలు నిలబెట్టాను, రెండు తిరిగే ఫిరంగి బురుజులూ కుదిరాయి. డెక్ అంచు గోడల దగ్గర ఆగిపోయాను. ఫిరంగులు పేల్చేటప్పుడు ఆ గోడలను కిందికి మడిచేవారు. ఒక్కో పక్క ఎన్ని ముక్కలుగా మడిచేవారు? బందులు లోపలా, బయటా? అసలు డ్రాయింగులు చూసినవారు చెప్పండి, దయచేసి.

రెండో సందేహం నన్ను ఇంకా ఎక్కువ వేధిస్తోంది. ఈజిప్టు కోసమని చెప్పి ఈ రెండు ఓడలకు ఎల్ తూసూన్, ఎల్ మొనాసిర్ అని పేర్లు పెట్టారు. 1863 సెప్టెంబరు 5న అమెరికా రాయబారి ఆడమ్స్, ఓడలను వెళ్లనిస్తే 'ఇది యుద్ధమే' అని బ్రిటన్ ప్రభుత్వానికి రాశాడు. బ్రిటన్ ఓడలను ఆపేసి, 1864లో తానే కొనుక్కుంది. 1819 నాటి బ్రిటిష్ చట్టం యుద్ధంలో ఉన్నవారి కోసం ఓడను ఆయుధాలతో సిద్ధం చేయడాన్ని నిషేధించిందే గానీ, కట్టడం గురించి మాట్లాడలేదు. 1862లో దక్షిణాది కోసం అదే యార్డులో కట్టిన అలబామా అనే ఓడ ఫిరంగుల్లేకుండానే అక్కణ్నుంచి జారుకుంది కదా. కానీ వీటికి శత్రునౌకను పొడిచే ఇనుప ముక్కు ఉంది! ఫిరంగి లేకపోయినా ఆ ముక్కే ఆయుధమని అప్పటి న్యాయవాదులెవరైనా వాదించారా? పార్లమెంటు చర్చల్లో ఎక్కడ వెతకాలో చెప్పినా చాలు.