సమస్య: "మంచ మెత్తె మంచమందువాడు"

ఈ వారం పూరించడానికి ఆటవెలది పద్యం చివరి పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు రాయాలి. మంచం మీద ఉన్నవాడు ఆ మంచాన్నే ఎలా ఎత్తుతాడన్నది చిక్కు. ఆరుబయట పడుకున్నవాడు వాన పడితే మంచమెత్తి లోపలికి పరిగెడతాడు. అది అందరికీ తోచేదే కాబట్టి యేసు జీవితం చెప్పే సువార్తల్లోని కథలతోనే పూరించండి. మెస్సీయగా యేసు అధికారం పద్యంలో కనబడాలి.

మొదటి పూరణ:

కప్పు విప్పి నలుగు రప్పుడు దింపగా
పాప మెల్ల మాపి పలికె యేసు
లేచి నడువు మనుచు లేఖకుల్ చూడగా
మంచ మెత్తె మంచమందువాడు

– సమస్య తీరింది. ముందు పాపక్షమ, తర్వాతే స్వస్థత. మార్కు సువార్త 2వ అధ్యాయంలోని పక్షవాయువు రోగి కథ వరస తప్పలేదు, అది నాకు బాగా నచ్చింది. అయితే 'అప్పుడు' ప్రాసయతి కోసం, అంటే 'కప్పు'లోని 'ప్పు'తో కలవడానికి, వచ్చిన మాటే. 'కప్పు విప్పి మిత్రగణము దింపిన వేళ' అనొచ్చు. నలుగురన్న లెక్క పోతుంది, అదొక్కటే నష్టం.

రెండో పూరణ:

ముప్పదెనిమిదేండ్లు తిప్పలు పడినట్టి
నరుని జూచి యేసు నడువు మనగ
కొలను నీటి వైపు కూడ చూడక లేచి
మంచ మెత్తె మంచమందువాడు

– యోహాను 5లోని బేతెస్ద కోనేరు! మూడో పాదం దగ్గర ఆగిపోయానమ్మా. నయం కావడానికి, నీళ్లు కదిలినప్పుడు తనను దించే మనిషి లేడని వాపోయినవాడు, చివరికి ఆ నీళ్లకేసి చూడకుండానే వెళ్లిపోయాడు. ఒక్క లోటు: ఆ రోజు విశ్రాంతి దినం. పరుపు మోయడమే తప్పని యూదులు పట్టుకున్నారు. నా తండ్రి పనిచేస్తున్నాడు, నేనూ చేస్తున్నానన్న యేసు జవాబులోనే అధికారమంతా ఉంది. దానికి ఇంకో పద్యం రాయండి.

– మాస్టారూ, ఒక్క మనిషి మంచం మోసుకుపోగలడా?

– పందిరిమంచం అనుకోకండి. మార్కు గ్రీకులో వాడిన మాట 'క్రబత్తోస్', అంటే బీదవాళ్ల పక్క. తెలుగు బైబిల్లో అక్కడ 'పరుపు' అనే ఉంది, మత్తయిలో 'మంచము'. ఒక్కడే ఎత్తుకుపోగలిగేదే.

మూడో పూరణ (మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది):

పాపములను మాపు పని దేవునిదె గదా
అనుచు శాస్త్రు లెల్ల నాగ్రహింప
దాని కుత్తరముగ దైవసుతుడు పల్క
మంచ మెత్తె మంచమందువాడు

– టెన్షన్ ఎందుకు నాయనా, గణాలూ యతులూ అన్నీ సరిపోయాయి. అసలు విషయం పట్టుకున్నది నువ్వే. పాపం పోయిందని ఎవరైనా అనొచ్చు, పోయిందో లేదో కంటికి కనబడదు. లెమ్మంటే మాత్రం ఆ క్షణంలోనే తేలిపోతుంది. మంచం పట్టినవాడు మంచమెత్తడమే, కనబడని క్షమాపణకు కనబడే సాక్ష్యం.

రెండు సవరణలు. శాస్త్రులు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులు, పైకి ఆగ్రహించలేదు, లోలోపల అనుకున్నారు. మనసులోని మాట గ్రహించడం కూడా ఆయన అధికారమే కదా. ఇక, ఆ సందర్భంలో యేసు తనను మనుష్యకుమారుడనే చెప్పుకున్నాడు. పాత నిబంధనలోని దానియేలు గ్రంథం 7వ అధ్యాయంలో ప్రభుత్వమూ మహిమా పొందేది మనుష్యకుమారుని పోలినవాడే. అందుకని ఇలా:

పాపములను మాపు పని దేవునిదె గదా
అనెడి శంక శాస్త్రు లాత్మ నుండ
మనుజసుతుడు లెమ్ము మంచమెత్తు మటన్న
మంచ మెత్తె మంచమందువాడు

ఆయన నోట వచ్చిన 'మంచమెత్తు' అన్న మాటే, చూడు, మరుసటి పాదంలో జరిగిపోయింది.