రోసా పార్క్స్ అలసిపోయి కూర్చుందా? ఏడేళ్ల పాపకు ఏ బొమ్మల పుస్తకం మంచిది?

అట్లాంటా అమ్మ:
రాత్రి పడుకునే ముందు మా పాపకు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తెలుగులో చెబుతూ చదువుతాను. నిన్న అమెరికా నల్లజాతి మహిళ రోసా పార్క్స్ కథ. పనిచేసి అలసిపోయిందట, అందుకే బస్సులో తెల్లవారికి సీటు వదల్లేదట. పాప వెంటనే, "అలసిపోకపోతే లేచేసేదా అమ్మా?" అంది. జవాబు చెప్పలేకపోయాను.

పాప నిద్రపోయాక కూర్చుని చదివాను. 1955 డిసెంబరు 1న ఆవిడకు 42 ఏళ్లు. అప్పటికే పన్నెండేళ్లుగా అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో నల్లవారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో పనిచేస్తోంది. ఒంటి అలసట కాదు, లొంగి లొంగి విసిగిపోయానని తన ఆత్మకథలో రాసుకుంది. అలాంటి మనిషిని కాళ్లు నొప్పులున్న పెద్దావిడలా బొమ్మ గీస్తే నాకు చాలా బాధేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్తూనే ఈ వయసు పిల్లల్ని భయపెట్టని పుస్తకాలు ఉన్నాయా?

డల్లాస్ నాన్న:
మావాడికి పదకొండేళ్లప్పుడు, నల్లవారి హక్కుల కోసం పోరాడిన జాన్ లూయిస్ తన కథ చెప్పుకున్న బొమ్మల పుస్తకం 'మార్చ్' ఇచ్చాను. మూడు భాగాలు, నేట్ పావెల్ గీసిన నలుపు తెలుపు బొమ్మలు. పోలీసుల దెబ్బలు, నల్లవాళ్లను తిట్టే ఆ మాట, ఏవీ దాచలేదు. ఏడేళ్లకు వద్దండి. కానీ మొదటి భాగంలో, చిన్నప్పుడు అలబామా పొలంలో ఆయన కోళ్లకు ప్రసంగాలు చెప్పే పేజీలున్నాయి. అవి మాత్రం పక్కన కూర్చుని చూపించండి. మావాడికి ఇప్పటికీ ముందు గుర్తొచ్చేవి ఆ కోళ్లే.

బెజవాడ టీచర్:
ఏడేళ్లకైతే రూబీ బ్రిడ్జెస్ అనే నల్లపాప కథతో మొదలుపెట్టండి అమ్మా. 1960 నవంబరు 14న న్యూ ఆర్లీన్స్‌లో, అంతవరకు తెల్లపిల్లలే చదివిన బడికి నలుగురు ఫెడరల్ మార్షళ్ల (కేంద్ర ప్రభుత్వ రక్షణ అధికారుల) మధ్య నడిచి వెళ్లింది. ఆరేళ్లు! తెల్లవాళ్లు తమ పిల్లల్ని పంపకపోతే ఏడాదంతా క్లాసులో ఆ పాప, బార్బరా హెన్రీ టీచరు, ఇద్దరే.

ఆ నడకనే అమెరికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ 1964లో గీసిన బొమ్మ కూడా చూపించండి. మార్షళ్ల తలలు కనబడవు, పాప మొహమే కనబడుతుంది. గోడ మీద ఎవరో విసిరిన టమాటా మరక. నేనైతే కథ చెప్పకముందే "ఈ మరకేంటి?" అని అడుగుతాను, పిల్లలే కథలోకి వచ్చేస్తారు. కాస్త పెద్దయ్యాక అంబేడ్కర్ గారి జీవితం మీద వచ్చిన బొమ్మల పుస్తకం 'భీమాయన' ఇవ్వండి. గోండు చిత్రకారులు దుర్గాబాయి, సుభాష్ వ్యామ్ గీశారు. బడిలో నీళ్లు తాగనివ్వని భీమ్‌ని మా ఎనిమిదో తరగతి పిల్లలు మర్చిపోలేదు.

అట్లాంటా అమ్మ:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. అలసిపోకపోయినా రోసా లేచేది కాదని పాపకు ఇవాళ చెప్పాను. రాక్‌వెల్ బొమ్మ ఫోన్‌లో చూపిస్తే మరక సంగతి అడగనే లేదు. "క్లాసులో ఒక్కతే అయితే ఎవరితో ఆడుకుంది?" అంది. టీచరే ఆడేదట అన్నాను. లైబ్రరీలో రూబీ పుస్తకం హోల్డ్ పెట్టాం, శనివారం వెళ్లి తెచ్చుకోవాలి.