ఓర్లాండోకి ఇద్దరు చిన్నపిల్లలు, అత్తమామలతో: డ్రైవా, ఫ్లైటా?

చార్లెట్_కోడలు:
అందరికీ నమస్తే అండీ. స్ప్రింగ్ బ్రేక్‌కి నార్త్ కరోలినాలోని చార్లెట్ నుంచి ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, పాపకి 4 నిండాయి, బాబుకి 14 నెలలు, అత్తయ్యగారు మామయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, మొత్తం ఆరుగురం. మా ఆయన డ్రైవ్ అంటారు, నేను ఫ్లైట్ అంటున్నా, మామయ్యగారేమో "నేనూ కాసేపు నడుపుతానమ్మా, నాకు లైసెన్సు ఉందిగా" అంటున్నారు, ఆ మాటకి మా ఆయన టీవీ సౌండ్ పెంచేస్తున్నారు. ఫ్లైట్ అయితే పిల్లల కార్ సీట్లు మీరంతా ఏం చేస్తారు? బాబుని ఒళ్ళో పెట్టుకుంటే సరిపోతుందా? అక్కడ అద్దె కారు వాళ్ళు సీట్లు ఇస్తారా, మనవే మోసుకెళ్ళాలా? ఇంకోటి, బాబు సీటు ఇంకా వెనక్కి తిప్పే ఉంది, "పాపం పసివాడికి కాళ్ళు ముడుచుకుపోతున్నాయి, ఇటు తిప్పండ్రా" అని అత్తయ్యగారు కారెక్కిన ప్రతిసారీ. ఆవిడకి ఏం చెప్పాలో కూడా చెప్పండి ప్లీజ్.

హైవే_బాబాయ్:
డ్రైవేనమ్మా, ఆలోచించే పనే లేదు. 525 మైళ్ళ చిల్లర, ఫోన్‌లో 8 గంటలు చూపిస్తుంది, పిల్లలున్నారు కాబట్టి 11 వేసుకో. 77వ నంబరు హైవే మీద కొలంబియా, అక్కడ 26, తర్వాత 95 పట్టుకుంటే జార్జియా దాటించి ఫ్లోరిడాలో పడేస్తుంది, డేటోనా దగ్గర 4 ఎక్కడమే. ఫ్లైట్ అంటే బాబు ఒళ్ళో కూర్చున్నా అయిదు టికెట్లు, ఎయిర్‌పోర్టులో రెండు గంటలు ముందు, దిగాక మళ్ళీ కారు అద్దె ఎలాగూ తప్పదు, ఇన్ని చేసి మిగిలే టైమెంత? కాకపోతే మీది అయిదుగురు పట్టే కారైతే కుదరదు, వెనక రెండు కార్ సీట్లు పెట్టాక మధ్యలో మనిషి కూర్చోవడం కష్టం, పైగా మీరు ఆరుగురు. చార్లెట్‌లోనే మినీవ్యాన్ అద్దెకి తీసుకుని బయల్దేరండి. తెల్లవారుజామున 3కి లేపి పిల్లల్ని నిద్రలోనే సీట్లలో పెట్టేస్తే సగం దారి ఏడుపు లేకుండా అయిపోతుంది. జార్జియాలో మాత్రం నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుంటే పోలీసు ఫైనే, 2018 నుంచీ అంతే, సౌత్ కరోలినాలో కూడా 2025 సెప్టెంబర్ నుంచి ఆ చట్టం వచ్చింది. మ్యాప్ స్టాండ్‌కి పెట్టుకోమను మీ ఆయన్ని.

ఇద్దరు_పిల్లల_తల్లి:
బాబాయ్ గారూ, ఆ 3 గంటల ఐడియా వద్దండీ. పిల్లలు పడుకుంటారు సరే, నడిపేవాడు కూడా పడుకుంటే? ముందురోజు సామాన్లు సర్ది, పెట్టెలు మోసి, 12కి పడుకున్న మనిషిని 3కి లేపి 95 మీద కూర్చోబెట్టడం నాకైతే ఇష్టం ఉండదు.

చార్లెట్ అక్కా, నా మాటేంటంటే డ్రైవా ఫ్లైటా అని కాకుండా ముందు కార్ సీట్ల సంగతి తేల్చుకోండి, అది తేలితే మిగతావన్నీ వాటంతటవే తేలతాయి.

అత్తయ్యగారి విషయం. మీరు సౌత్ కరోలినా మీదుగా వెళ్తున్నారు, అక్కడ రెండేళ్ళు నిండని పిల్లల్ని వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలని చట్టం, కాబట్టి "పోలీసులు పట్టుకుంటారు అత్తయ్యా" అనేస్తే గొడవ అక్కడికి అయిపోతుంది, మా ఇంట్లో పనిచేసిన మందు అదే, డాక్టర్ చెప్పాడంటే వినలేదు పోలీసు అంటే విన్నారు. అసలు కారణం వేరే అనుకోండి. ఆ వయసులో తల బరువు ఎక్కువ, మెడ లేతగా ఉంటుంది, ముందు నుంచి గుద్దుకుంటే ముందుకి తిరిగిన పిల్లాడి ఒంటిని బెల్టు ఆపుతుంది గానీ తల మాత్రం ముందుకి పోతుంది, వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బంతా సీటు వీపే తీసుకుంటుంది. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2018లో తన సలహా మార్చి చెప్పింది కూడా ఇదే, రెండేళ్ళు అని కూడా కాదు, సీటు మీద రాసిన ఎత్తు బరువు దాటేదాకా వెనక్కే ఉంచమని. కాళ్ళు మడుచుకుని కూర్చోవడం పిల్లలకి ఇబ్బందే కాదు, ఇంట్లో నేల మీద ఎలా కూర్చుంటారో చూడండి.

ఒళ్ళో కూర్చోవడం: రెండేళ్ళ లోపు దేశంలో తిరిగే ఫ్లైట్లలో టికెట్ అక్కర్లేదు, నిజమే. కానీ ఇక్కడి విమానాల ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ వాళ్ళే చెప్తారు, కుదుపులొస్తే చేతులతో పట్టుకోలేరు, సొంత సీటులో కార్ సీటు కట్టి కూర్చోబెట్టడమే క్షేమం అని. అలా తీసుకెళ్ళాలంటే మీ సీటు పక్కనో కిందో స్టిక్కర్ చూడండి, విమానంలో వాడొచ్చని ఎర్ర అక్షరాల్లో రాసుంటుంది. కిటికీ పక్క సీటులో పెట్టమంటారు, అవతలి వాళ్ళకి దారి అడ్డం రాకుండా. కాస్త పెద్ద పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్‌కి ఆ స్టిక్కర్ ఉండదు, టేకాఫ్ ల్యాండింగ్‌లో దాన్ని వాడనివ్వరు.

లగేజీలో వేసేయడం: చాలా ఎయిర్‌లైన్స్ డబ్బు తీసుకోవు గానీ, బెల్టు మీదకి ఎలా విసురుతారో కిటికీలోంచి చూస్తే మీరే వద్దంటారు. పైకి గీత పడకపోయినా లోపల చీలితే తెలీదు. అద్దె కంపెనీ ఇచ్చే సీటుదీ అదే కథ, దానికి ఇంతకుముందు యాక్సిడెంట్ అయిందో లేదో ఎవరికి తెలుసు. ఒకచోట మాకిచ్చిన సీటు పట్టీల్లో ఎండిపోయిన పాలు, క్లిప్ నొక్కితే ఊడట్లేదు, వెనక ప్లాస్టిక్ మీద అచ్చువేసిన ఎక్స్‌పైరీ తేదీ చూస్తే అదీ దాటిపోయింది. అందుకే నా ఓటు కూడా డ్రైవ్‌కే, కారణం మాత్రం బాబాయ్ గారిది కాదు, మీ సీట్లు మీ చేత్తో కట్టుకుంటారని.

చార్లెట్_కోడలు:
అయ్యో సీటుకి ఎక్స్‌పైరీ కూడా ఉంటుందా!! పాపది మా ఫ్రెండ్ వాళ్ళు ఇచ్చింది, ఇప్పుడే కిందకి వెళ్ళి చూశా, ఇంకా టైముంది హమ్మయ్య. వాళ్ళ కారుకి ఏ యాక్సిడెంటూ కాలేదని కూడా అడిగి కనుక్కున్నా. మినీవ్యాన్ అయితే ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మూడో వరస ఎక్కలేరు.

ఇద్దరు_పిల్లల_తల్లి:
అయితే పెద్దవాళ్ళిద్దరూ మధ్య వరస, పిల్లల్లో ఒకరు మూడో వరస, మీరు పక్కన... అప్పుడు బాబు? ఆగండి ఆలోచిస్తా. మామయ్యగారు ముందు సీటు, అత్తయ్యగారు మధ్య వరసలో డోర్ పక్కన, ఆవిడ పక్క సీటులో బాబు (నానమ్మ కనిపిస్తే ఏడవడు), వెనక వరసలో పాప, మీరు. మూడో వరసలో కొన్ని వ్యాన్లకి కార్ సీటు తగిలించే కింది ఇనప కొక్కేలు ఉండవు, కంగారుపడకండి, కారు బెల్టుతో కట్టినా అంతే క్షేమం, సీటు మాన్యువల్ చెప్తే తప్ప రెండూ కలిపి కట్టకూడదు. పాపది ముందుకి తిరిగిన సీటు కాబట్టి వెనక పైనుంచి వచ్చే టెదర్ పట్టీ ఉంటుంది చూడండి, చాలామంది దాన్ని వేలాడేసి వదిలేస్తారు, అది కొక్కేనికి తగిలించి బిగించాల్సిందే. కట్టాక బెల్టు వెళ్ళే చోట పట్టుకుని అటూ ఇటూ లాగితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. భుజం దగ్గర పట్టీని వేళ్ళతో గిల్లి చూడండి, మడత చేతికొస్తే ఇంకా వదులున్నట్టు. ఛాతీ క్లిప్ చంకల ఎత్తులో. పొద్దున చలిగా ఉందని దళసరి జాకెట్ వేసి బెల్టు పెట్టొద్దు, పెట్టాక పైన దుప్పటి కప్పండి. అనుమానం ఉంటే చాలాచోట్ల ఫైర్ స్టేషన్లలో ట్రైనింగ్ అయినవాళ్ళు ఉచితంగా చూసి పెడతారు, ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

రాలీ_పెద్దాయన:
మామయ్యగారి డ్రైవింగ్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. ఇండియా లైసెన్సుతో విజిటర్లని చాలా రాష్ట్రాలు నడపనిస్తాయి, దాంతోపాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే అడిగినవాళ్ళకి చూపించడం తేలిక. అది అక్కడ ఆర్టీవో ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది, బయల్దేరే ముందే తీసుకుని రావాలి. కానీ అసలు చిక్కు లైసెన్సు కాదమ్మా, ఇన్సూరెన్సు. అద్దె బండి అయితే అగ్రిమెంటులో ఆయన పేరు రెండో డ్రైవర్‌గా రాయించకుండా స్టీరింగ్ ఇస్తే, ఏదైనా అయిననాడు కవరేజీ లేదంటారు. పేరు రాయించినా 95 మీద, ట్రక్కుల మధ్య 70 మైళ్ళ స్పీడులో, మనవలు వెనక ఉండగా మొదటిసారి కుడివైపు నడపడం అనేది... మీ ఆయన టీవీ సౌండ్ పెంచడంలో తప్పులేదు. ఆయన ముచ్చట తీరాలంటే ఆదివారం పొద్దున మీ కారు మీద, అదీ మీ ఇన్సూరెన్సు వాళ్ళని అడిగాక, ఖాళీగా ఉన్న పార్కింగ్ లాట్‌లో ఇవ్వండి. మా వియ్యంకుడు గారు అలాగే రెండు రౌండ్లు కొట్టి "ఆటోమేటిక్‌లో మజా లేదయ్యా" అని తాళాలు ఇచ్చేశారు, మళ్ళీ అడగలేదు.

ఇంకోటి, పెద్దవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. దారిలో పోలీసు వెనకాల లైట్లు వేస్తే పక్కకి ఆపి కారులోనే కూర్చోవాలి, నడిపేవాళ్ళ చేతులు స్టీరింగ్ మీద కనబడుతూ ఉండాలి, అడిగినప్పుడే కాగితాలు తియ్యాలి. మనవైపు అలవాటుగా డోర్ తీసుకుని దిగి, పెద్దమనిషి తరహాలో సర్దిచెబుదామని ఎదురెళ్తే ఇక్కడ అర్థం వేరేలా తీసుకుంటారు.

ట్యాంపా_తమ్ముడు:
అక్కా మాది ఇక్కడే, ఓర్లాండో ఎప్పుడూ పోతుంటం. టోల్ సంగతి చెప్త. డిస్నీ చుట్టుపక్కల 417, 528 అన్నీ టోల్ రోడ్లే, క్యాష్ తీస్కునేటోడు ఉంటడని అనుకోకుండ్రి. అద్దె బండికి వాళ్ళ టోల్ డబ్బా వాడితే టోల్ మీద రోజుకింత అని వేరే గుంజుతరు. మీకు నార్త్ కరోలినా టోల్ డబ్బా క్విక్ పాస్ ఉంటే ఫ్లోరిడాల పన్జేస్తది, అసొంటిదే ఈజీపాస్ గూడ నడుస్తది, అద్దె బండి నంబర్ మీ అకౌంట్ల ఎక్కించుకోండ్రి, వాపస్ ఇచ్చినంక తీసెయ్యడం మర్శిపోవద్దు, లేకుంటే ఎనకొచ్చినోడి టోల్ మీ మీద పడ్తది. 4 నంబర్ హైవే మీద సాయంత్రం పూట అస్సలు పోవద్దు.

డిస్నీల మూడేండ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, పాపకి మాత్రం కావాలె. స్ట్రోలర్ 31 అంగుళాల వెడల్పు, 52 పొడుగు దాటొద్దు, బండిలెక్క లాగే వ్యాగన్లు 2019 నుంచి బంద్ చేసిన్రు. పెద్ద రైడ్ ఎక్కాలంటే రైడర్ స్విచ్ అని అడగాలె, ఒకలు బాబుతోని బయట ఉంటరు, ఇంకొకలు పోయొచ్చినంక లైన్ల నిలబడకుండ మొదటోళ్ళు పోవచ్చు. అత్తమామలకి చెప్పి బాబుని వాళ్ళకాడ ఉంచి ఇద్దరు కల్సి పోతే ఇంకా మంచిగ. ఇంకోటి అక్కా, ఇక్కడ ఎండ మార్చ్‌లనే మస్తు కొడ్తది, గ్యాస్ స్టేషన్ల ఒక్క నిమిషమే అని పిల్లల్ని బండిల ఒంటరిగ ఇడ్సిపెట్టకుండ్రి. ఆరేండ్ల లోపు పిల్లలని 15 నిమిషాలు దాటితే నేరం, ఇంజన్ ఆన్‌ల పెట్టి పోతే నిమిషమైనా ఫైన్ పడ్తది ఫ్లోరిడాల.

కొత్తగా_వచ్చా:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేము జూన్‌లో ఇండియా వెళ్తున్నాం, మా బాబుకి ఏడాదిన్నర. కార్ సీటు అక్కడికి మోయాలా? మా అమ్మ నవ్వుతోంది, నిన్ను ఒళ్ళోనే పెంచాం కదరా అని.

ఇద్దరు_పిల్లల_తల్లి:
విమానంలో వాడే ఉద్దేశం ఉంటే తీసుకెళ్ళండి. కానీ రెండేళ్ళ లోపు ఒళ్ళో పిల్లలకి ఇంటర్నేషనల్‌లో పూర్తి ఫ్రీ కాదు, పెద్దల టికెట్‌లో పదో వంతు దాకా కట్టించుకోవడం మామూలే, సొంత సీటు వేరే లెక్క, కొనేముందు రెండూ అడగండి. ఇక అక్కడ దిగాక, ట్యాక్సీల్లో వెనక బెల్టు ఉంటుంది గానీ బకిల్ సీటు కవర్ కింద నొక్కేసి ఉంటుంది, చెయ్యి దూర్చి వెతికి పైకి లాగాలి, డ్రైవర్ "దాంతో పనేంటి మేడమ్" అంటాడు. ముందురోజే ఫోన్ చేసి కవర్ తీయించి పెట్టమంటే చేస్తారు. ఊళ్ళో రెండు వీధులకి కుదరకపోవచ్చు, ఎయిర్‌పోర్ట్ నుంచి ఊరికి అర్ధరాత్రి హైవే మీద వెళ్ళే ఆ నాలుగైదు గంటలకి మాత్రం నేను రాజీపడను.

హైవే_బాబాయ్:
సరేనమ్మా తల్లీ, 3 గంటలకి లేపొద్దు, ఒప్పుకున్నా. అయితే ముందురోజు ఆఫీసులయ్యాక బయల్దేరి సవానాలో పడుకోండి, నాలుగు గంటల లోపే, దాదాపు సగం దూరం. పొద్దున నిదానంగా లేచి టిఫిన్ చేసి వెళ్ళొచ్చు. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకోండి, పెద్దవాళ్ళకి బర్గర్లు దిగవు. ఫ్లోరిడాలోకి అడుగుపెట్టగానే 95 మీద వెల్‌కమ్ సెంటర్ వస్తుంది, నారింజ రసం ఉచితంగా పోస్తారు, బాత్రూములు కూడా శుభ్రంగా ఉంటాయి.

ఇద్దరు_పిల్లల_తల్లి:
సవానా ప్లాన్ బాగుంది. రెండు గంటలకోసారి మాత్రం ఆపండి అక్కా, బాబు నిద్రపోతున్నా సరే తీసి ఎత్తుకుని కాసేపు తిప్పండి. పాపకి టాబ్లెట్ ఇస్తే తల కిందకి వంచి చూసి వాంతి చేసుకునే రకమైతే ముందు సీటు వెనక కళ్ళ ఎత్తులో కట్టండి, లేదా పాటలు పెట్టేయండి.

చార్లెట్_కోడలు:
మినీవ్యాన్ బుక్ చేసేశాం అండీ! సవానాలో ఒక రాత్రి, రూమ్ కూడా కింది అంతస్తులో అడిగా అత్తయ్యగారి మోకాళ్ళ కోసం. సౌత్ కరోలినా చట్టం మా ఆయన చేత చెప్పించా, "ఇంకెన్ని నెలలు రెండేళ్ళకి" అని లెక్కపెట్టుకుంటున్నారు ఆవిడ. మామయ్యగారికి ఆదివారం పార్కింగ్ లాట్ ఫిక్స్, ఇన్సూరెన్సు వాళ్ళకి రేపు ఫోన్ చెయ్యాలి. తమ్ముడూ, మాకు క్విక్ పాస్ లేదు, ఇప్పుడు తీసుకుంటే టైముకి వస్తుందా, లేక ఫ్లోరిడాలో అడుగుపెట్టాక ఏమైనా కొనుక్కోవచ్చా?

ట్యాంపా_తమ్ముడు:
సన్‌పాస్ అని ఫ్లోరిడా టోల్‌ది ఉంటది అక్కా, స్టిక్కర్ది చవక, ఫ్లోరిడాల మందుల షాపులల్ల, సూపర్ మార్కెట్లల్ల దొర్కుతది. కానీ అద్దె బండి అద్దానికి స్టిక్కర్ అంటించకు, తీస్తే చినిగిపోతది, మళ్ళ పనికిరాదు. పీకి వేరే బండికి పెట్టుకునే డబ్బా లెక్కది తీస్కో, రేపు మీ సొంత కారుకి గూడ పన్కొస్తది.