వెనక సస్పెన్షన్ దించడం: పొడవు బోల్టులు వేయొచ్చా?

కొత్తస్పానర్:
నాది సీ5 కార్వెట్ స్పోర్ట్స్ కారు. ముందు ఎత్తు బాగానే ఉంది, వెనక 25 మి.మీ. దించాలి. స్ప్రింగు చివరను చక్రాన్ని మోసే ఆర్ముకు కలిపే ఒరిజినల్ బోల్టు నట్టు చివరిదాకా వదిలినా సగమే దిగింది. పొడవు బోల్టులు వేస్తే ప్రమాదమా?

జాక్‌స్టాండ్:
ముందు ఆ నట్టు వెనక్కి బిగించండి. చివరి మర మీద నట్టుంచి కారు నడపకూడదు.

ప్రమాదమంతా విప్పేటప్పుడే. వెనక రెండు చక్రాలూ గాల్లో ఉండాలి, ఫ్రేము కింద స్టాండ్లు పెట్టాలి. ఒక వైపే లేపితే యాంటీ రోల్ బార్ (రెండు వైపుల ఆర్ములనూ కలిపే కడ్డీ) మెలిపడి ఆర్మును లాగుతుంది. అడ్డంగా ఉన్న ఫైబర్ లీఫ్ స్ప్రింగు (పట్టీ స్ప్రింగు) చివర కింద చెక్క పెట్టి, ట్రాలీ జాక్‌తో మెల్లగా ఎత్తండి. బోల్టు మీద బరువు పోగానే ఆపేయాలి. ఇంకా ఎత్తితే కారే స్టాండు మీంచి లేస్తుంది. చెక్క లేకుండా ఇనుప జాక్ ఆనిస్తే ఫైబర్‌కు గాటు పడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. నైలాన్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) పాతది మళ్లీ వాడొద్దు.

టో_ఇన్:
విప్పడం ఒక పూట పని. నడిపేది ఏళ్ల తరబడి. వెనక దిగితే కేంబర్ నెగటివ్‌కి పోతుంది, అంటే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా మారుతుంది. టో బయటికి తిరిగితే తడిరోడ్డు మీద వెనక భాగం ఎటు పోతుందో చెప్పలేం. అలైన్‌మెంట్ (ఈ కోణాలు సరిచేయడం) చేయించకుండా నడపొద్దు.

జాక్‌స్టాండ్:
అలైన్‌మెంట్ వద్దని ఎవరన్నారండీ? చెక్క లేకుండా మొదలుపెట్టేవాళ్ల గురించి నేను చెప్తున్నా.

పాతటైరు:
దించగానే కొలవకండి. టైర్లు నేలను పట్టుకుని కారును పైనే ఉంచుతాయి. నాలుగు మీటర్లు ముందుకీ వెనక్కీ తోసి, వెనక రెండుసార్లు ఊపి, హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి ఆర్చ్ (చక్రం మీది బాడీ వంపు) అంచుకు కొలవండి. బోల్టు ఎంత కదిలిందో అంతే దిగదు, చక్రం దగ్గర కొంచెం ఎక్కువే దిగుతుంది.

టో_ఇన్:
మళ్లీ చెక్కేనా! షాకు (షాక్ అబ్జార్బర్) సంగతి చూడండి. 25 దించితే పైకి పోయే దారి అంత తగ్గినట్టే. గతుకులో బంప్ స్టాప్‌ను (షాకు చివరిదాకా నొక్కుకోకుండా ఆపే దిమ్మను) కొడితే ఆ క్షణంలో వెనక స్ప్రింగు రాయిలా గట్టిపడుతుంది, మలుపులో అయితే చక్రం పట్టు తప్పుతుంది. బంప్ స్టాప్ కోసేస్తే సరి అంటారు కొందరు. అప్పుడు షాకే లోపల కొట్టుకుని పాడవుతుంది.

జాక్‌స్టాండ్:
25కే షాకులు మార్చమంటే ఇక ఎవరూ దించరు.

టో_ఇన్:
అయితే దించొద్దు! ముందు ఎత్తు వదిలేసి వెనక ఒక్కటే దించడంలో నడకకు లాభమేముంది? హెడ్‌లైట్లు పైకి తిరిగి ఎదుటివాడి కళ్లలో పడతాయి. అందం కోసమని ఒప్పుకోండి.

జాక్‌స్టాండ్:
అందం కోసమే. చక్రానికీ ఆర్చ్‌కీ మధ్య ఆ ఖాళీ చూడలేకే. అది తప్పా?

టో_ఇన్:
తప్పనలేదు. బోల్టు క్షేమంగా మారిందని కారు క్షేమమైపోదు అంటున్నా. మీరు విప్పేవాడి చెయ్యి చూస్తున్నారు, నేను నడిపేవాడి మెడ చూస్తున్నా.

పాతటైరు:
ఇద్దరూ ఆగండి, కొలిచి తేల్చుకోవచ్చు. షాకు రాడ్డుకు కేబుల్ టై బిగుతుగా కట్టి, మామూలుగా వెళ్లే గతుకుల దారిలో నడిపి రమ్మనండి. టై బంప్ స్టాప్‌ దాకా నెట్టుకుపోయి ఉంటే ఎత్తు పెంచాలి. ఖాళీ మిగిలితే షాకులు మార్చక్కర్లేదు. ఆ ఎత్తు ఖాయమయ్యాకే అలైన్‌మెంట్. ఈలోగా లోయర్ ఆర్మ్ ఎక్సెంట్రిక్ బోల్టులు (తిప్పితే చక్రం కోణం మారేవి) కదపొద్దు, కదిపితే సెట్టింగు పోతుంది. అలైన్‌మెంట్‌లో ఎలాగూ వదులు చేసి, కారు తన ఎత్తులో ఉండగా బిగిస్తారు. దాంతో ఆర్ము కీళ్లలోని రబ్బరు బుష్‌లు మెలిపడి ఉండవు.

టో_ఇన్:
హెడ్‌లైట్లు కూడా సరిచేయించాలి.

కొత్తస్పానర్:
పొడవు బోల్టులు తెప్పిస్తా. మొదట 15 మి.మీ. దగ్గర ఆపి టై కట్టి చూస్తా. ఇంతకీ చెక్క ఎంత వెడల్పుండాలి?

జాక్‌స్టాండ్:
స్ప్రింగు వెడల్పుకు తగ్గకూడదు. బోల్టు తలకు మాత్రం తగలకుండా పెట్టండి.